ఆ మాట వాళ్లతోనే అన్నారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇప్పటికే థెరపీకి వెళ్తున్నవాళ్లు రాసినవి. థెరపిస్ట్ మౌనం, థెరపిస్ట్ మాట, థెరపిస్ట్ మీద కోపం, ప్రేమ, ఇవే ఎక్కువగా ఉన్నాయి. సైకోడైనమిక్ (పాత సంబంధాలు ఇప్పటి జీవితం మీద వేసే ముద్రను చూసేది), హ్యూమనిస్టిక్ (మనిషి తన దారి తానే వెతుక్కునేలా తోడుండేది) పద్ధతులకు సంబంధించిన వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. రాసినవాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ప్రశ్న: మేడమ్, నా వయసు 34. కొన్ని నెలలుగా వారానికోసారి ఒక సైకోడైనమిక్ థెరపిస్ట్ దగ్గరకు వెళ్తున్నాను. బాస్ ముందు నాకు నోరు పెగలదు. ఆయన కంప్యూటర్ వైపు చూస్తూ వింటుంటే నేను చెప్పాలనుకున్నది సగంలోనే ఆపేస్తాను. థెరపీలో ఏమో నేను మాట్లాడుతుంటాను, ఆయన వింటుంటారు. నేను ఆగితే ఆయనా ఆగిపోతారు. ఐదు నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడకుండా కూర్చున్న రోజులున్నాయి. నా మాటలు ఆయనకు బోర్ కొడుతున్నాయేమో అనిపిస్తుంది. పోయిన వారం ఒంట్లో బాలేదని మెసేజ్ పెట్టి మానేశాను. నిజానికి బాగానే ఉన్నాను. ఇంకొకరి దగ్గరకు మారిపోనా? మా నాన్న కూడా ఇలాగే పేపర్ చదువుకుంటూ ఊ కొట్టేవారు. అది ఇక్కడ అనవసరం అనుకోండి. – పేరు వద్దు

జవాబు: మారొచ్చు. ఆ హక్కు మీకు ఎప్పుడూ ఉంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే మారే ముందు ఒక పని చేయండి. నాకు రాసినదంతా ఆయనకు చెప్పండి. ఒంట్లో బాగానే ఉన్నా మానేశానన్న సంగతితో సహా.

అనవసరం అంటూ చివర్లో రాసిన ఆ వాక్యమే మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది. నాన్న ఊ కొడితే మీరు మాట మింగేశారు. బాస్ తల తిప్పుకుంటే మాట మధ్యలో ఆగిపోతోంది. థెరపిస్ట్ మౌనంగా ఉంటే ఒంట్లో బాలేదని మెసేజ్ వెళ్లింది. మనుషులు వేరు, జరుగుతున్నది ఒకటే. బ్రిటన్‌కు చెందిన సైకోథెరపిస్ట్ డేవిడ్ మలాన్ 1979లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని ఒక త్రిభుజంగా వివరించాడు. ఒక మూల గతంలోని మనుషులు, రెండో మూల ఇప్పటి జీవితంలో ఉన్నవాళ్లు, మూడో మూల థెరపిస్ట్. మొదటి రెండు మూలల్లో జరిగింది మీరు చెబితేనే ఆయనకు తెలుస్తుంది. మూడోది మాత్రం మీ ఇద్దరి మధ్యే, అప్పటికప్పుడు జరుగుతుంది. అక్కడ ఏం జరుగుతోందో ఇద్దరూ కలిసి చూడొచ్చు, వేరేలా చేసి చూడొచ్చు. సైకోడైనమిక్ థెరపీ పనిచేసేది ఎక్కువగా ఆ మూల దగ్గరే.

పాత సంబంధాల్లోని ఆశలు, భయాలు తెలియకుండానే థెరపిస్ట్ మీదకు రావడాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. దాని గురించి ఎవరూ మాట్లాడకపోతే ఏమవుతుందో, సైకోడైనమిక్ పద్ధతులకు మూలమైన మనోవిశ్లేషణను మొదలుపెట్టిన ఫ్రాయిడ్ స్వయంగా రాశాడు. డోరా అనే మారుపేరుతో మనకు తెలిసిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి దాదాపు మూడు నెలలు ఆయన దగ్గరకు వచ్చి, 1900 డిసెంబరు 31న ఇదే చివరి రోజు అని చెప్పి వెళ్లిపోయింది. 1905లో ఆ కేసు ప్రచురించినప్పుడు, ట్రాన్స్‌ఫరెన్స్‌ను తాను సమయానికి పట్టుకోలేకపోయానని ఫ్రాయిడ్ ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయి కోపంలో చాలా న్యాయం ఉందని కూడా నేను అనుకుంటాను. ఆమె చెప్పింది వినడం కన్నా తన వివరణకు ఆమెను ఒప్పించడం మీదే ఆయన ఎక్కువ పట్టు పట్టాడు. ఏదేమైనా ఆ కోపం గదిలో మాటగా రాలేదు, వెళ్లిపోవడంగా వచ్చింది. మీ మెసేజ్ కూడా అలాంటిదే.

ఇక ఆయన మౌనం సంగతి. ఏది ముఖ్యం, ఏది కాదు అని ముందే ఏరకుండా, అన్నిటి మీదా సమానంగా ధ్యాస పెట్టి వినమని 1912లో ఫ్రాయిడ్ తోటి వైద్యులకు సలహా ఇచ్చాడు. థెరపిస్ట్ వరసగా ప్రశ్నలు వేస్తుంటే, ఆయనకు ముఖ్యమనిపించినవే మీరు మాట్లాడతారు. కాస్త చోటు వదిలితే మీరు అనవసరం అనుకున్నది కూడా బయటకొస్తుంది. మౌనానికి ఉన్న మంచి కారణం ఇది. కానీ మౌనం అందరి మీదా ఒకేలా పనిచేయదు. మాటకు జవాబు దొరకని ఇంట్లో పెరిగిన మనిషికి మళ్లీ అదే మౌనం ఎదురైతే పాత గాయం ఇంకోసారి రేగుతుంది. ఎదురెదురుగా కూర్చుని వారానికోసారి చేసే థెరపీలో, ఎదుటి మనిషి ముఖంలో ఏముందో చూడకుండా, ఇప్పుడేమనిపిస్తోందని అడగకుండా ఐదు నిమిషాలు గడపడం నా లెక్కలో ఎక్కువే.

ఎలా చెప్పాలా అని సందేహం ఉంటే ఇలా మొదలుపెట్టండి: "పోయిన వారం నేను ఒంట్లో బాలేక మానలేదు. మీరు మాట్లాడకపోతే నా మాటలు మీకు పట్టవనిపిస్తోంది. ఇలా చెప్పడానికి కూడా భయంగా ఉంది." అంతే చాలు. తర్వాత ఆయన ఏమంటారో గమనించండి. మంచి థెరపిస్ట్ ఆసక్తిగా అడుగుతారు, ఎప్పుడు ఎక్కువగా అలా అనిపించిందో తెలుసుకుంటారు, తన మౌనంలో తన వంతు ఏమిటో కూడా చూస్తారు. నిజంగానే ఆయన ధ్యాస ఎక్కడికో పోయి ఉండొచ్చు. 1950లో మనోవిశ్లేషకురాలు పౌలా హైమన్ రాసిన ఒక వ్యాసం తర్వాత చాలామంది థెరపిస్టులు తమలో కలిగే విసుగును, కోపాన్ని కూడా పేషెంట్‌ను అర్థం చేసుకోవడానికి వాడుకోవడం నేర్చుకున్నారు. మీరు కోపాన్ని దాచి పొడిపొడిగా మాట్లాడుతున్నందుకే ఆయనకు దూరంగా అనిపిస్తోందేమో, అది కూడా మాట్లాడుకోవాల్సిన విషయమే. అలా కాకుండా, "ఇదంతా మీ నాన్న మీద కోపం" అని ఒక్క ముక్కలో తేల్చేసినా, నొచ్చుకున్నా, మళ్లీ మౌనంలోకే వెళ్లినా, ఇంకో రెండు మూడు సెషన్లు చూసి మారిపోండి. అప్పుడు అది పారిపోవడం కాదు, చెప్పి చూసి తీసుకున్న నిర్ణయం.

ప్రశ్న: నా వయసు 27. ఉద్యోగం మానేసి పై చదువులకు వెళ్లాలా వద్దా తేల్చుకోలేక ఒక కౌన్సెలర్ దగ్గరకు వెళ్తున్నాను. అన్నయ్య వెళ్లొద్దంటాడు, మేనేజర్ ఇంకో ఏడాది ఆగమంటాడు, ఫ్రెండ్ వెంటనే వెళ్లిపొమ్మంటాడు. ఈవిడ మాత్రం "అంటే మీకు ఒంటరిగా అనిపించింది" అంటూ నేను చెప్పిందే నాకు తిప్పి చెబుతారు. సలహా అడిగితే ఇవ్వరు. కార్ల్ రోజర్స్ పద్ధతి అట. చిలకపలుకులతో ఏం లాభం? – ఒక ఇంజనీర్

జవాబు: మీ చిరాకు నాకు అర్థమైంది. హ్యూమనిస్టిక్ థెరపీకి దారి వేసిన అమెరికన్ సైకాలజిస్ట్ రోజర్స్ పద్ధతిని చెడగొట్టి నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మీద రోజర్స్‌కు కూడా చిరాకే. "భావాలను ప్రతిబింబించడం" అని తన పనికి పెట్టిన పేరు తనకు ఇబ్బందిగా ఉందని ఆయన 1986లో రాశాడు. తాను ప్రతిబింబించడం లేదని, ఎదుటి మనిషి లోపలి ప్రపంచం తనకు సరిగ్గా అర్థమైందో లేదో సరిచూసుకుంటున్నానని ఆయన వివరణ.

అంటే ఆవిడ అన్న ప్రతి మాట చివరా ఒక ప్రశ్న ఉండాలి: నేను విన్నది ఇదేనా? దానికి కాదు అని చెప్పడం మీ పని. "ఒంటరితనం కాదు... నన్ను లెక్కలోకి తీసుకోలేదు అన్నట్టుగా..." అని మీరు సరైన మాట కోసం ఆగి వెతుక్కుంటారు చూడండి, మార్పు మొదలయ్యేది అక్కడే. రోజర్స్‌తో కలిసి పనిచేసిన యూజీన్ జెండ్లిన్, తన సహచరులతో కలిసి సెషన్ల రికార్డింగులు విని పరిశీలించాడు. థెరపీలో బాగుపడినవాళ్లు మాట్లాడే తీరే వేరుగా ఉంది. వాళ్లు గడగడా చెప్పుకుపోరు. ఆగుతారు, లోపల అస్పష్టంగా ఉన్నదాన్ని తడుముకుంటారు, ఒక మాట అని, కాదని వెనక్కి తీసుకుని, ఇంకో మాట వెతుకుతారు. దాన్నే ఆయన ఫోకసింగ్ అన్న పేరుతో 1978లో పుస్తకంగా రాశాడు. మీరు ఆవిడ మాటను సరిచేశారా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆ ప్రస్తావన లేదు.

సలహా విషయానికొస్తే, మీ దగ్గర ఇప్పటికే మూడున్నాయి. నాలుగోది వచ్చినా మీరు దాన్ని ఆ మూడింటి పక్కన పెడతారు. ఎదుటివాళ్ల మెప్పు పోతుందేమోనన్న భయంతో మనిషి తనకు నిజంగా ఏమనిపిస్తోందో తెలుసుకోవడమే మానేస్తాడని రోజర్స్ ఆలోచన. ఆ తెలివిడి తిరిగి రావాలంటే షరతులు లేని ఆదరణ, సహానుభూతితో కూడిన అవగాహన, థెరపిస్ట్ లోపలా బయటా ఒకేలా ఉండటం కావాలని 1957 నాటి వ్యాసంలో రాశాడు. ఆ మూడింటిలో చివరిదాన్నే కౌన్సెలర్లు ఎక్కువగా మర్చిపోతుంటారు. లోపల విసుక్కుంటూ పైకి మెత్తగా తలాడించడం రోజర్స్ పద్ధతి కాదు.

1964లో చిత్రీకరించిన శిక్షణ ఫిల్ముల్లో గ్లోరియా అనే ఆవిడ ముగ్గురు థెరపిస్టులతో విడివిడిగా మాట్లాడుతుంది. విడాకులు తీసుకున్న తల్లి ఆమె. తన జీవితంలోని మగవాళ్ల గురించి కూతురికి నిజం చెప్పాలా వద్దా అని రోజర్స్‌ను అడుగుతుంది. ఆయన జవాబు చెప్పడు. ఆమె మళ్లీ అడుగుతుంది. ఆయన ఆమె ఇబ్బందిని తేలిక చేయడు, తప్పించుకోడు, ఆ సందిగ్ధంలో ఆమెతో పాటే ఉంటాడు. సెషన్ చివరికొచ్చేసరికి ఆమె, మీరు మా నాన్న అయితే బావుండేది అన్న అర్థంలో మాట్లాడుతుంది. నాకు మీరు చక్కని కూతురిలా కనిపిస్తున్నారు అంటాడాయన. సైకోడైనమిక్ థెరపిస్ట్ అయితే అక్కడ ఆగి, నాన్నతో దొరకనిది ఏమిటని తరచి చూసేవాడు. రోజర్స్ మాత్రం ట్రాన్స్‌ఫరెన్స్‌ను ప్రత్యేకంగా విడదీసి దాని చుట్టూ థెరపీని తిప్పడం పెద్ద పొరపాటని చివరిదాకా వాదించాడు. ఆ క్షణంలో ఆమెకు కావాల్సింది వివరణ కాదు, ఆ మాటే అని నాకూ అనిపిస్తుంది. వేరే రోజున, వేరే మనిషి విషయంలో తరచి చూడటమే సరైనది కావచ్చు.

కాబట్టి మీ కౌన్సెలర్‌తో నేరుగా అనండి: "మీరు నా మాటే తిరిగి చెబుతుంటే నాకు ఒళ్లు మండుతోంది. మీకేమనిపిస్తోందో చెప్పండి." చదువు గురించి తీర్పు అప్పుడు కూడా రాకపోవచ్చు. కానీ ఒక మనిషి నుంచి నిజమైన స్పందన రావాలి. "మీకు ఒళ్లు మండుతోంది" అని మళ్లీ అదే వాక్యం వస్తే, నాకైతే ఆ కౌన్సెలర్ మీద నమ్మకం తగ్గుతుంది.

ప్రశ్న: నేను సైకాలజీ ఎం.ఏ. విద్యార్థిని. సీబీటీకి (ఆలోచనలను, అలవాట్లను మార్చడం మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి) మాత్రమే ఆధారాలున్నాయని, మిగతావన్నీ చరిత్రలో భాగమని మా క్లాసులో అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. సగం నిజం ఉన్నందువల్ల ఆ మాట అంతగా చలామణీ అవుతోంది. సీబీటీ చిన్నది, దశలవారీగా మాన్యువల్ రాయడానికి వీలైనది, అందుకే దాని మీద పరిశోధన ఎక్కువ జరిగింది. ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆపుకోలేక చేసే పనులు) లాంటి వాటికి, భయపడే పరిస్థితిని ఎదుర్కొనే అలవాటు నేర్పే సీబీటీ తరహా చికిత్సకే నేనూ మొదట పంపిస్తాను. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

కానీ డిప్రెషన్ దగ్గరకొచ్చేసరికి లెక్క మారుతుంది. అమెరికన్ సైకాలజిస్ట్ జొనాథన్ షెడ్లర్ 2010లో సైకోడైనమిక్ థెరపీ మీద జరిగిన మెటా ఎనాలిసిస్‌లను (ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టిన పరిశోధనలను) ఒకచోట చేర్చి, దాని ఫలితాలు ఆధారాలున్న ఇతర చికిత్సల స్థాయిలోనే ఉన్నాయని, థెరపీ ముగిశాక కూడా మెరుగుదల కొనసాగుతోందని రాశాడు. దాని మీద విమర్శలూ వచ్చాయి, రెండూ చదవండి. 2021లో ఇంగ్లండ్‌లో 510 మంది మీద జరిగిన ట్రయల్‌లో రోజర్స్ సంప్రదాయం నుంచి వచ్చిన కౌన్సెలింగ్‌ను సీబీటీతో నేరుగా పోల్చారు. 6 నెలల దగ్గర అది సీబీటీకి తీసిపోలేదు. 12 నెలల దగ్గర సీబీటీ కొంత ముందుంది. మీ క్లాసులో ఈ రెండు వాక్యాలనూ కలిపి చెప్పండి, ఒకదాన్ని దాచొద్దు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో డిప్రెషన్‌కు సూచించిన చికిత్సల్లో సీబీటీతో పాటు కౌన్సెలింగ్, స్వల్పకాలిక సైకోడైనమిక్ థెరపీ కూడా ఉన్నాయి.

ఏ పద్ధతిలోనైనా ఫలితంతో ముడిపడి కనిపించేది థెరపిస్ట్‌కూ వచ్చినవాళ్లకూ మధ్య కుదిరిన పొత్తు. అమెరికన్ సైకాలజిస్ట్ ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో దాన్ని మూడు భాగాలుగా చూశాడు: ఎక్కడికి చేరాలన్నదాని మీద ఏకాభిప్రాయం, దానికోసం ఏం చేయాలన్నదాని మీద ఏకాభిప్రాయం, ఇద్దరి మధ్య నమ్మకం. పైన ఉన్న రెండు ఉత్తరాలూ మళ్లీ చూడండి. ఇద్దరికీ ఇబ్బంది రెండోదాని దగ్గరే వచ్చింది. ఈ మౌనం ఎందుకో, ఈ తిరిగి చెప్పడం ఎందుకో వాళ్లకు ఎవరూ వివరించలేదు.

ప్రశ్న: నాకు పెళ్లయింది. నా థెరపిస్ట్ మీద ప్రేమ కలిగింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇక వెళ్లకూడదా?

జవాబు: వెళ్లండి, వెళ్లి చెప్పండి. ఎన్నాళ్ల తర్వాతో ఒక మనిషి మీ మాట పూర్తిగా విన్నారు. అక్కడ ప్రేమ పుట్టడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1915లో ఫ్రాయిడ్ దీని మీదే ఒక వ్యాసం రాశాడు. ఆ ప్రేమను అణచేయమని చెప్పకూడదు, దానికి లొంగనూ కూడదు, అందులో ఏ పాత ఆశ మాట్లాడుతోందో కలిసి చూడాలి అని థెరపిస్టులకు చెప్పాడు. ఆ ప్రేమ అబద్ధమని కూడా ఆయన అనలేదు.

ఒక గీత మాత్రం స్పష్టంగా గుర్తుపెట్టుకోండి. ఆయన కూడా మీ మీద ప్రేమ చూపించి, బయట కలుద్దాం అంటే తప్పు పూర్తిగా ఆయనదే, మీది కాదు. ఆ రోజే ఆపేయండి, ఫిర్యాదు చేయండి. థెరపిస్ట్ క్లయింట్‌తో శారీరక సంబంధం పెట్టుకోవడాన్ని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి నిషేధిస్తుంది. థెరపీ ముగిశాక కూడా కనీసం 2 ఏళ్ల పాటు ఆ నిషేధం ఉంటుంది.

ప్రశ్న: సైకియాట్రిస్ట్ రాసిన మందులు వాడుతూ ఈ థెరపీలు చేయించుకోవచ్చా?

జవాబు: చేయించుకోవచ్చు. థెరపీ మొదలైందని మందులు మీ అంతట మీరు ఆపొద్దు, సైకియాట్రిస్ట్‌కు థెరపీ సంగతి, థెరపిస్ట్‌కు మందుల సంగతి చెప్పండి. చనిపోవాలన్న ఆలోచనలు గట్టిగా వస్తుంటే పత్రికకు ఉత్తరం రాసి ఎదురుచూడకండి. దగ్గరున్న మనిషికి ఇప్పుడే చెప్పి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. థెరపీకి వెళ్లడం మొదలుపెట్టాక ఒకరోజు, చిన్నప్పుడు నేను ఏడిస్తే నువ్వు గది తలుపు వేసేసేదానివి అంది. తను పుట్టిన రెండో ఏడే వాళ్ల నాన్న మమ్మల్ని వదిలి వెళ్లిపోయారు. నేను రెండు ఉద్యోగాలు చేసి పెంచాను. తలుపు వేసింది నా ఏడుపు తనకు కనబడకూడదని. ఈ థెరపిస్టులు అన్నిటికీ తల్లినే దోషిని చేస్తారా? – ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరం చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. మీ మీద పడిన భారం ముందు చెప్పాలి. చిన్న బిడ్డతో, రెండు ఉద్యోగాలతో, ఏడవడానికి కూడా తలుపు వేసుకోవాల్సి వచ్చిన మనిషి మీరు. ఆ మనిషి గురించి అప్పుడు ఎవరూ అడగలేదు.

తల్లులను దోషులుగా నిలబెట్టిన కాలం ఈ రంగంలో నిజంగానే ఉంది. పిల్లల్లో ఆటిజానికి, స్కిజోఫ్రీనియాకు తల్లి ప్రవర్తనే కారణమని గత శతాబ్దంలో కొందరు రాశారు, అది తప్పని తేలింది. ఎందరో తల్లులు ఆ మాటను మోస్తూ బతికారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. దానికి అడ్డంగా నిలబడినవాడిగా నాకు బ్రిటిష్ మనోవిశ్లేషకుడు డొనాల్డ్ విన్నికాట్ కనిపిస్తాడు. ఆయన పిల్లల వైద్యుడు కూడా, వేలమంది తల్లులనూ బిడ్డలనూ చూసినవాడు. బిడ్డకు కావాల్సింది లోపమే లేని తల్లి కాదని, చాలినంత మంచి తల్లి అని 1953 నాటి వ్యాసంలో రాశాడు. మొదట్లో బిడ్డ అవసరాన్ని దాదాపు పూర్తిగా తీర్చి, బిడ్డ తట్టుకోగలిగే కొద్దీ కొంచెం కొంచెంగా తీర్చలేకపోయే తల్లి. ఆ తీర్చలేకపోవడం ద్వారానే బిడ్డకు బయటి ప్రపంచం తెలుస్తుందని ఆయన అభిప్రాయం.

మీ అమ్మాయి చెప్పింది తీర్పు కాదు, జ్ఞాపకం. తలుపుకు ఇవతల మీరున్నారు, అవతల తనుంది. తనకు తెలిసింది మూసిన తలుపు మాత్రమే. మీ ఏడుపు తనకు ఇప్పటికీ తెలియదు. రెండూ నిజమే, ఒకటి నిజమవడానికి రెండోది అబద్ధం కానక్కర్లేదు. మంచి థెరపిస్ట్ తలుపు వేసిందెవరని వెతకడు. ఏడుపును ఒంటరిగా మింగడం నేర్చుకున్న పిల్ల ఇప్పుడు ఎవరి దగ్గరా ఏడవలేకపోతోందా అన్నది చూస్తాడు. ఇంకో సంగతి, తను ఆ మాట మీతో అంది. మీరు తట్టుకోగలరన్న నమ్మకం ఎంతో కొంత లేకపోతే అనేది కాదు.

ఈసారి ఆ మాట వస్తే ముందు వినండి. "అప్పుడు నీకు చాలా భయమేసి ఉంటుంది" అని, ఆ రోజుకు అక్కడితో ఆగండి. మీ రెండు ఉద్యోగాల సంగతి, తలుపు వెనక ఏడుపు సంగతి చెప్పాల్సినవే. కానీ అదే సంభాషణలో చెబితే తనకు సంజాయిషీలా వినబడుతుంది. తను అడిగిన రోజు, లేదా మీ మనసు కుదుటపడిన ఇంకో రోజు చెప్పండి. సెషన్లలో ఏం జరుగుతోందని మాత్రం అడగొద్దు. ఆమె పెద్దది, అది ఆమె సొంతం. ఒక సెషన్‌కు రమ్మని తనే పిలిస్తే వెళ్లండి. వెళ్లే ముందు ఆ గంటలో ఏం మాట్లాడబోతున్నారో ఆ థెరపిస్ట్‌ను అడిగి తెలుసుకోండి. అన్నేళ్లు దాచుకున్నది మీరు కూడా ఎక్కడైనా చెప్పుకోవాలి. దానికి మీకంటూ ఒక థెరపిస్ట్‌ను చూసుకోండి, మీ అమ్మాయి వెళ్లే మనిషి కాకుండా వేరొకరిని.